తెల్లవారుజాము కలకు రాత్రి కషాయం

"రాత్రి మంచి కల వచ్చింది. లేచేసరికి ఒక్క ముక్క గుర్తులేదు." ఈ మాట వినపడని ఇల్లు ఉండదు. పొద్దున కాఫీ తాగుతూ ఇంటిల్లిపాదికీ తన కల చెప్పేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళ వంక కాస్త అసూయగా చూస్తూ "నాకసలు కలలే రావు" అని వాపోయేవాళ్ళు మరికొందరు. ఈ రెండో రకం వాళ్ళ కోసం ఇప్పుడు బజారులోకి ఒక సరుకు దిగింది. మూలికల టీ. పడుకోబోయే ముందు ఒక కప్పు తాగితే, తెల్లారేసరికి కలలు పూసగుచ్చినట్టు గుర్తుంటాయంటున్నారు. ఒక పెట్టెలో సీమ చామంతి పూలు, ఒకదాంట్లో మాచిపత్రి జాతి ఆకు, ఇంకోదాంట్లో ఎక్కడో మెక్సికో కొండల్లో పెరిగే పొద ఆకు. ఇక మన పెద్దవాళ్ళయితే "దానికి టీ అని పేరెందుకు, కషాయం అనరాదా?" అంటారు. అదీ నిజమే.

ఇది వట్టి వ్యాపారమా, ఇందులో పస ఏమైనా ఉందా? ఇవాళ ఆ సంగతి మాట్లాడుకుందాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పస ఉంది. కాకపోతే అది పెట్టె మీద రాసిన చోట లేదు.

మొదట మెక్సికో పొద దగ్గరికే వెళదాం. దానికి "కలల మూలిక" అనే బిరుదు ఉంది. మెక్సికో దక్షిణ భాగంలో వహాకా అనే రాష్ట్రం ఉంది. అక్కడ చొంటాల్ అనే ఆదివాసులు ఉంటారు. వాళ్ళు వాడే ఆ మొక్క పేరు కాలియా జకాతెచీచీ. పొద్దుతిరుగుడు, చామంతి, బంతి ఉన్న కుటుంబంలోదే ఇదీ. ఆకు పరమ చేదు. తప్పిపోయిన మనిషి ఎక్కడున్నాడో తెలియాలన్నా, రోగికి వచ్చిన జబ్బుకు మూలమేమిటో తేలాలన్నా అక్కడి వైద్యుడు ఈ ఆకును ఆశ్రయిస్తాడు. ఎండిన ఆకును నలిపి కషాయం కాచి, మెల్లగా తాగుతాడు. తరవాత సద్దు లేని చోట చూసుకుని నడుం వాలుస్తాడు. అదే ఆకును చుట్టి పొగ కూడా పీలుస్తాడు. మోతాదు సరిపోయిందని ఎలా తెలుస్తుంది? ఒళ్ళు తేలికపడి, కళ్ళు బరువెక్కి, తన గుండె కొట్టుకోవడం, నాడి ఆడడం తన చెవికే వినిపిస్తే చాలినట్టు. ఇక ఆ నిద్రలో వచ్చే కలే జవాబు. థామస్ మెక్‌డూగల్ అనే మొక్కల సేకర్త 1968లో ఈ సంగతి రాసిన తరవాత బయటి ప్రపంచానికి తెలిసింది.

శాస్త్రవేత్తలు ఊరుకుంటారా? మెక్సికోకే చెందిన లిలియన్ మాయగోయిషియా, హోసే లూయిస్ డియాజ్, కార్లోస్ కొంట్రేరాస్ ఈ ఆకును పరీక్షకు పెట్టి, 1986లో ఫలితాలు ప్రచురించారు. ముందు పిల్లుల మీద, తరవాత ఆరోగ్యవంతులైన మనుషుల మీద. మనుషులకు ఆకు సారం, మందు లేని ఉత్తి గుళిక, డయాజిపామ్ అనే నిద్రమాత్ర ఇచ్చి పోల్చి చూశారు. ఎవరికి ఏది ఇచ్చారో అటు తిన్నవాళ్ళకూ తెలియదు, ఇటు చూసేవాళ్ళకూ తెలియదు. అందరినీ కాసేపు కునుకు తీయమని, తలకు తీగలు అమర్చి నిద్ర తీరు నమోదు చేశారు. లేచాక కలలేమైనా వచ్చాయా అని అడిగారు.

కాలియా ఆకు తీసుకున్నప్పుడు మిగిలిన రెండింటికన్నా ఎక్కువ కలలు చెప్పారు. చొంటాల్ వైద్యుడు చెప్పింది నిజమే అయిందన్నమాట. కానీ అసలు విశేషం తీగలు నమోదు చేసిన గీతల్లో ఉంది. ఆ ఆకు వాళ్ళ నిద్రను గాఢం చేయలేదు. మాగన్ను నిద్రను పెంచింది. మధ్యమధ్య వాటంతటవే వచ్చే మెలకువలను కూడా పెంచింది. నిద్రమాత్ర వేసుకున్నప్పుడు కలలు ఆకుతో వచ్చినన్ని రాలేదు. అంటే కలలు ఎక్కువ దక్కింది బాగా పట్టిన నిద్రలో కాదు, కాస్త కలత నిద్రలో.

ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఇక మనం ఏ ఆకు గురించి మాట్లాడుకున్నా దాన్ని ఒకటే ప్రశ్న అడగాలి: "అమ్మా, నువ్వు నిద్రపుచ్చుతావా, నిద్రలేపుతావా?"

ఎందుకు ఆ ప్రశ్న అడగాలో అర్థం కావాలంటే రాత్రి మన నిద్ర ఎలా సాగుతుందో కాస్త చూడాలి. 1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నాథానియెల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు నిద్రపోతున్నవాళ్ళ కనుగుడ్లను పరిశీలించారు. రాత్రిలో కొన్ని వేళల్లో మూసిన రెప్పల కింద కళ్ళు చకచకా అటూ ఇటూ కదులుతున్నాయి. ఒళ్ళు కదలదు, కళ్ళు మాత్రం ఆగవు. ఆ దశకు రెమ్ నిద్ర అని పేరు వచ్చింది. క్లైట్‌మన్, ఆయన శిష్యుడు విలియం డిమెంట్ కలిసి 1957లో ఇంకో మెట్టు ఎక్కారు. కళ్ళు కదులుతున్న సమయంలో మనుషులను 191 సార్లు నిద్రలేపి అడిగితే 152 సార్లు కల చెప్పారు. అంటే నూటికి 80 వంతులు. కళ్ళు కదలని నిద్రలోంచి 160 సార్లు లేపితే 11 సార్లే చెప్పగలిగారు.

ఇలాంటి ప్రయోగాలవల్ల రెండు విషయాలు తేలాయి. "నాకు కలలే రావు" అనేవాళ్ళను కూడా సరైన సమయంలో తట్టి లేపితే కల చెబుతారు. అదొకటి. కల వచ్చిన కాసేపటికే మెలకువ రాకపోతే ఆ కల దక్కదు. అది రెండోది.

ఈ రెమ్ నిద్ర రాత్రంతా ఒకే పాళ్ళలో పరుచుకుని ఉండదు. సుమారు గంటన్నరకు ఒక చక్రం చొప్పున నిద్ర తిరుగుతూ ఉంటుంది. తొలి చక్రాల్లో గాఢనిద్ర ఎక్కువ, రెమ్ కొద్ది నిమిషాలు. రాత్రి గడిచేకొద్దీ గాఢనిద్ర తగ్గుతుంది, రెమ్ పెరుగుతుంది. చివరి చక్రాల్లో అది అరగంట దాకా కూడా సాగుతుంది. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మనవాళ్ళు అనడం మీకు తెలుసు. చివరి జాము కల త్వరగా ఫలిస్తుందని స్వప్నశాస్త్రం చెబుతుంది. నిజమవుతుందో లేదో నేను చెప్పలేను గానీ, ఆ నమ్మకం వెనక ఉన్న పరిశీలన మాత్రం గట్టిది. తెల్లవారుజామున వచ్చే కల పొడుగ్గా, స్పష్టంగా ఉంటుంది. పైగా కాసేపట్లో ఎలాగూ లేస్తాం కాబట్టి మనసుకు అంటుకుని ఉంటుంది. ఎనిమిది గంటలు పడుకునే మనిషి పడుకున్న ఆరు గంటలకే లేచేలా అలారం పెట్టుకుంటే పోయేది చివరి రెండు గంటలే కదా అనుకుంటాం. పోయేది కలల్లో పెద్ద వాటా.

మరి కల అంత త్వరగా ఎందుకు చెరిగిపోతుంది? మెదడులో జ్ఞాపకం నాటుకోవడానికి కొన్ని రసాయనాలు కావాలి. వాటిలో నారెడ్రినలిన్ ఒకటి. మెలకువగా ఉన్నప్పుడు అది పుష్కలంగా ఊరుతుంది. రెమ్ నిద్రలో దాన్ని విడుదల చేసే నాడీకణాలు దాదాపు మౌనంగా ఉంటాయి. అందుకే కల ఎంత రంగులమయంగా సాగినా అది నీళ్ళమీద రాతే. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి 2019లో ఎలుకల మీద చేసిన పరిశోధన ఇంకో విచిత్రం బయటపెట్టింది. రెమ్ నిద్రలో చురుగ్గా ఉండే కొన్ని నాడీకణాలు మరపునకు దోహదం చేస్తున్నాయట. వాటిని ఆపేస్తే ఎలుకల జ్ఞాపకం మెరుగుపడింది. అంటే మరిచిపోవడం మన చేతకానితనం కాకపోవచ్చు. మెదడు రాత్రిపూట చేసుకునే ఊడ్చే పని కావచ్చు.

ఇప్పుడు ఫ్రాన్స్‌కు వెళదాం. లియాన్ నగరంలో పెరీన్ రూబీ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు కలలు బాగా గుర్తుండేవాళ్ళను ఒక పక్క, ఎప్పుడో గాని గుర్తుండనివాళ్ళను ఒక పక్క పెట్టుకుని వాళ్ళ నిద్రను పోల్చి చూశారు. కలలు గుర్తుండేవాళ్ళు రాత్రి మొత్తం మీద సుమారు అరగంట మెలకువగా గడిపారు. గుర్తుండనివాళ్ళు గడిపింది అందులో సగమే, పావుగంట. కలలు గుర్తుండేవాళ్ళ మెదడు చిన్న చప్పుళ్ళకు కూడా ఎక్కువగా స్పందించింది. పక్కింట్లో గిన్నె పడితే ఉలిక్కిపడే తత్వం ఉన్నవాళ్ళన్నమాట. మెలకువ కాసేపే అయినా మెదడు అప్పటిదాకా సాగిన కలను పట్టి దాచుకోవడానికి ఆ కాసేపే చాలు.

ఇందులో మనకు పూర్తిగా కొత్త సంగతేమీ లేదనిపిస్తుంది నాకు. చరక సంహితలో ఇంద్రియస్థానం అనే భాగం ఉంది. అందులో కలలను ఏడు రకాలుగా విభజించారు. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని సూచించేవి, దోషాలవల్ల పుట్టేవి. ఈ విభజనకు ముందే చరకుడు ఒక మాట అంటాడు: మరీ గాఢంగా నిద్రపట్టని మనిషికే రకరకాల కలలు కనిపిస్తాయని. తీగలూ లేవు, గీతలూ లేవు. మనుషులను చూసీ, వాళ్ళు చెప్పింది వినీ కనిపెట్టిన విషయం.

సరే, ఇప్పుడు మన కప్పు దగ్గరికి వద్దాం. ఒక కప్పు అంటే సుమారు 200 మిల్లీలీటర్ల నీళ్ళు. రాత్రి పదింటికో పదిన్నరకో తాగి పడుకుంటాం. మామూలుగా రాత్రివేళ శరీరం వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేసి మూత్రం తయారీని తగ్గిస్తుంది. లేకపోతే తెల్లార్లూ లేస్తూనే ఉంటాం. అయినా పడుకునే ముందు కప్పు నీళ్ళు చేరితే కొందరికి మూడింటికో నాలుగింటికో మెలకువ వస్తుంది. అది ఏ సమయం? రెమ్ నిద్ర బాగా ముదిరే సమయం. లేచి నాలుగు అడుగులు వేసి వచ్చేలోపు కల ఇంకా కళ్ళముందే ఉంటుంది. పొద్దున లేచాక "నిన్న రాత్రి ఆ టీ తాగాను, ఎంత చక్కటి కల వచ్చిందో" అంటాం. కీర్తి ఆకుకు పోతుంది. పని చేసింది నీళ్ళు.

ఆకులకు అసలు ఏ గుణమూ లేదని నా ఉద్దేశం కాదు. ఒక్కొక్కదాన్ని పిలిచి మన ప్రశ్న అడుగుదాం.

ముందు సీమ చామంతి. మనం పూజకు కోసే చామంతికి ఇది దూరపు బంధువు. తెల్లటి రేకులు, మధ్యలో పచ్చటి బొడిపె, చిన్న పువ్వు. ఎండబెట్టి మరిగే నీళ్ళలో వేసి, మూతపెట్టి, అయిదారు నిమిషాలు ఉంచితే లేత పసుపు రంగులో, ఆపిల్ పండు తొక్క వాసనతో దిగుతుంది. ఇందులో అపిజెనిన్ అనే పదార్థం ఉంది. నిద్రమాత్రలు మెదడులో ఏ గ్రాహకాల మీద పనిచేస్తాయో ప్రయోగశాలలో ఇదీ వాటికే అతుక్కుంది. కప్పులో ఉండేది బాగా కొంచెం కాబట్టి ప్రభావమూ కొంచెమే. ఏదైనా మన ప్రశ్నకు దీని జవాబు "నిద్రపుచ్చుతాను" అని. అలాంటప్పుడు కలలు గుర్తు చేయడంలో ఇది సాయపడకపోవచ్చు, అడ్డు కూడా పడవచ్చు.

రెండోది పాషన్‌ఫ్లవర్. మన ఇళ్ళ ముందు పందిళ్ళకు పాకించే కృష్ణకమలం, కొందరు కౌరవపాండవుల పువ్వు అంటారే, ఆ తీగ జాతిది. దీనిమీద ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయంలో చక్కటి ప్రయోగం జరిగింది. 2011లో వెలువడింది. 41 మంది యువతీయువకులకు ఒక వారం ఈ ఆకు టీ, ఇంకో వారం పార్స్‌లీ ఆకు టీ ఇచ్చారు. పార్స్‌లీ అంటే మన కొత్తిమీరలాగే కూరల్లో చల్లుకునే ఆకు, నిద్రకూ దానికీ సంబంధం లేదు. రోజూ పొద్దున నిద్ర గురించి డైరీలో రాయించారు. లెక్కగట్టిన ఆరు అంశాల్లో ఒక్కదాంట్లోనే చెప్పుకోదగ్గ తేడా కనిపించింది. పాషన్‌ఫ్లవర్ తాగిన వారం నిద్ర బాగుందన్నారు. ఇదీ నిద్రపుచ్చే పక్షమే.

మూడోది మనకు బాగా దగ్గరి చుట్టం. యూరప్ పల్లెల్లో మగ్‌వర్ట్ అనే మొక్క ఉంది. దాని ఎండుటాకు దిండులో కుక్కి పడుకుంటే మంచి కలలు వస్తాయని అక్కడ పాత నమ్మకం. ఆ మొక్క మన మాచిపత్రి జాతిదే. వినాయక చవితినాడు చేసే ఇరవయ్యొక్క పత్రుల పూజలో మొట్టమొదట సమర్పించేది మాచిపత్రినే కదా. పూలదండల్లో వాడే దవనం కూడా ఈ జాతిదే. ఆకును రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. పైన పచ్చగా, అడుగున తెల్లటి నూగుతో ఉండే ఆ ఆకు ముక్కును తాకగానే ఘాటు తలకెక్కుతుంది. అంత ఘాటు రాత్రంతా తల కింద ఉంటే నిద్ర కాస్త పలచబడే అవకాశం ఉంది. ఆ దిండు కీర్తి వెనక ఉన్న కిటుకు అదేనేమో అని నా అనుమానం. అనుమానమే సుమా, రుజువు కాదు. ఒక హెచ్చరిక మాత్రం అనుమానం లేకుండా చెబుతాను. గర్భిణులు మాచిపత్రి కషాయం తాగకూడదు. నెలసరి రప్పించడానికి నాటువైద్యంలో వాడిన ఆకు అది.

టీ సంగతి అలా ఉంచి మాత్రల దాకా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఆస్ట్రేలియాలోనే అడిలైడ్ విశ్వవిద్యాలయానికి చెందిన డెన్‌హోమ్ ఆస్పీ 2018లో ఒక అధ్యయనం ప్రచురించాడు. వందమందితో చేసిన ప్రయోగం. కొందరికి పడుకునే ముందు అయిదు రోజులపాటు 240 మిల్లీగ్రాముల బి6 విటమిన్ ఇచ్చారు. వాళ్ళకు కలల్లోని విషయాలు ఎక్కువగా గుర్తున్నాయి. కలల స్పష్టత, రంగులు, వింతదనం మాత్రం ఏమీ మారలేదు. వినడానికి బాగానే ఉంది. కానీ మోతాదు చూడండి. పెద్దవాళ్ళకు రోజుకు కావలసిన బి6 ఒకటిన్నర మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఒక అరటిపండులో దొరికేది 0.4 మిల్లీగ్రాములు. 240 మిల్లీగ్రాములంటే ఆరువందల అరటిపళ్ళు. ఇంత మోతాదు నెలల తరబడి మింగితే చేతుల్లో కాళ్ళలో నరాలు దెబ్బతిని తిమ్మిర్లు పట్టుకోవచ్చు. కల కోసం కాళ్ళు పోగొట్టుకోవద్దు.

ఇంతకూ కల గుర్తుండి ఎవరికైనా ఒరిగిందేమిటి అని మీలో కొందరు అడగవచ్చు. ఒరిగినవాళ్ళున్నారు. ఒకరి కథ చెబుతాను. ఇది నేను ఇందాకటినుంచి చెబుతున్న దానికి అచ్చుగుద్దిన సాక్ష్యం.

ఆస్ట్రియాలో గ్రాట్స్ అనే ఊరు. అక్కడి విశ్వవిద్యాలయంలో ఒట్టో లోవీ అనే ఆచార్యుడు ఉండేవాడు. నరం గుండెకు ఆజ్ఞ ఎలా అందిస్తుంది, విద్యుత్తుతోనా, ఏదైనా రసాయనంతోనా అన్నది ఆ రోజుల్లో తేలని ప్రశ్న. 1903లోనే ఆయనకు రసాయనం కావచ్చన్న ఆలోచన తట్టింది. ఎలా రుజువు చేయాలో తోచక వదిలేశాడు. దాదాపు పదిహేడేళ్ళ తరవాత, 1920 ప్రాంతంలో, ఈస్టర్ ముందరి రాత్రి ఆయనకు కల వచ్చింది. మెలకువ వచ్చి, దీపం వెలిగించి, ఒక పలచని కాగితం ముక్క మీద ఏవో నాలుగు గీతలు గీకి మళ్ళీ పడుకున్నాడు. పొద్దున ఆరింటికి లేచాడు. ఏదో చాలా ముఖ్యమైనది రాశానని గుర్తుంది. కాగితం తీసి చూస్తే ఒక్క అక్షరం అర్థం కాలేదు. తన రాత తనకే కొరుకుడుపడలేదు. ఆ రోజంతా ఆయన పడిన యాతన ఊహించుకోండి.

మరుసటి రాత్రి మూడింటికి అదే ఆలోచన మళ్ళీ వచ్చింది. ఈసారి కాగితం జోలికి పోలేదు. నేరుగా ప్రయోగశాలకు నడిచాడు. రెండు కప్పల గుండెలు తీసుకున్నాడు. ఒకదానికి వేగస్ నరం ఉంచి, రెండోదానికి నరం లేకుండా చేశాడు. రెండూ ఉప్పునీటిలో కొట్టుకుంటున్నాయి. మొదటి గుండె నరాన్ని విద్యుత్తుతో కదిలించాడు, దాని వేగం తగ్గింది. ఆ గుండెను తడిపిన ద్రవాన్ని తీసి రెండో గుండెకు చేర్చాడు. నరమే లేని ఆ గుండె కూడా నెమ్మదించింది. ఆజ్ఞ మోసింది రసాయనమే అని తేలిపోయింది. 1921లో ఫలితం ప్రచురించాడు. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ రసాయనం పేరు అసిటైల్‌కోలిన్. తమాషా ఏమిటంటే, రెమ్ నిద్రలో, అంటే కలల వేళలో, మన మెదడులో పుష్కలంగా ఊరేది ఆ అసిటైల్‌కోలినే.

లోవీ కథలో ఏ కషాయమూ లేదు. ఆయనకు కలిసివచ్చినవి రెండే. రాత్రి మూడింటికి వచ్చిన మెలకువ, రెండోసారి బద్ధకించకపోవడం.

అందుకని, కలలు గుర్తుంచుకోవాలన్న సరదా ఉన్నవాళ్ళు చేయవలసినవి ఇవి. మొదటిది, నిద్ర చాలినంత పోవాలి. ముఖ్యంగా చివరి రెండు గంటలు కోసుకోకూడదు. ఆదివారం అలారం లేకుండా పడుకున్నవాళ్ళకు మిగిలిన రోజులకన్నా ఎక్కువ కలలు గుర్తుండేది ఇందుకే. రెండోది, మెలకువ రాగానే కళ్ళు తెరవకండి, పక్కకు దొర్లకండి, సెల్‌ఫోన్ వైపు చెయ్యి చాచకండి. ఉన్నవాళ్ళు ఉన్నట్టే పడుకుని "ఇప్పుడిప్పుడే ఏం చూస్తున్నాను?" అని మనసులో అడగండి. ఒక మొహమో, ఒక గదో, ఒక భయమో చేతికి తగులుతుంది. దాన్ని పట్టుకుని వెనక్కి లాగితే మిగిలింది ఒక్కోటీ వస్తుంది. మూడోది, తలగడ పక్కన పుస్తకం, పెన్సిలు ఉంచుకోండి. లోవీకి జరిగింది గుర్తుంది కదా, చదవగలిగేలా రాయండి. రాయడం బద్ధకమైతే పక్కవాళ్ళకు చెప్పండి. పైకి చెప్పిన కల నిలుస్తుంది. పొద్దున కాఫీ దగ్గర కలలు చెప్పుకునే ఇళ్ళల్లో కలలు ఎక్కువ గుర్తుండడానికి ఈ అలవాటు కూడా కారణమే.

ఇక టీ. తాగండి, తప్పులేదు. పడుకునే ముందు దీపాలు తగ్గించి, ఫోను పక్కనపెట్టి, వెచ్చటి కప్పు చేత్తో పట్టుకుని పదినిమిషాలు నిదానంగా కూర్చోవడం మంచి అలవాటు. "ఇవాళ వచ్చే కల గుర్తుంచుకుంటాను" అని ఆ పది నిమిషాల్లో అనుకుంటే ఇంకా మంచిది. కల మీద ధ్యాస పెట్టడమే కల గుర్తుండడానికి దారి. తులసి, నిమ్మగడ్డి, శొంఠి, సీమ చామంతి, మీకు ఏది రుచిస్తే అది. మామూలు తేయాకు మాత్రం వద్దు. అందులో కెఫీన్ ఉంటుంది, అసలు నిద్రకే ఎసరు పెడుతుంది. మందు పుచ్చుకుంటే కలలు బాగా వస్తాయని కొందరు చెబుతారు. మద్యం రాత్రి మొదటి సగంలో రెమ్ నిద్రను అణిచేస్తుంది. తెల్లవారుజామున అది ఒక్కసారిగా పొంగి పీడకలలు తేవచ్చు. ఆ కలలు గుర్తుండకపోవడమే మేలు.

కొందరు ఈ ప్రయోగానికి దూరంగా ఉండాలి. వయసు మీరినవాళ్ళు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు ఇప్పటికే రాత్రి రెండుమూడుసార్లు లేస్తుంటారు. వాళ్ళకు ఇంకో కప్పు నీళ్ళు అక్కరలేదు. అర్ధరాత్రి నిద్రమత్తులో స్నానాలగది గడప తట్టుకుని పడితే తుంటి ఎముక విరుగుతుంది. వాళ్ళు తాగదలిస్తే పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే తాగాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరును అడక్కుండా ఈ మూలికల జోలికి పోకూడదు. చామంతి జాతి పూలు పడనివాళ్ళకు సీమ చామంతి కూడా పడకపోవచ్చు. ఇక ఆ మెక్సికో పొద ఆకు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది గానీ తెప్పించుకోకండి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రవేత్తలు 2016లో దాని సారాన్ని మనిషి మూత్రపిండ కణాల మీద ప్రయోగశాలలో పరీక్షిస్తే ఆ కణాలు దెబ్బతిన్నాయి. చొంటాల్ వైద్యుడు అవసరం పడినప్పుడు తాగుతాడు. రోజూ రాత్రి తాగడం వేరు.

చివరిగా ఒక మాట. కలలు గుర్తుండడం ఒక సరదా, ఒక్కోసారి లోవీ లాంటివాళ్ళకు ఒక వరం. గుర్తుండకపోవడం మాత్రం జబ్బు కాదు. దానికి మందు అక్కరలేదు. ఇంట్లో ఒకరు రోజూ పొద్దున మూడు కలలు చెబుతుంటే, వాళ్ళకు రాత్రి నిద్ర సరిగా పడుతోందా అని ఒకసారి అడిగి చూడండి. మీకు ఒక్క కలా గుర్తులేదా? పొద్దున లేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉందా? అయితే మీ నిద్ర మంచి నిద్ర. దాన్ని చెడగొట్టుకుని మరీ కల కొనుక్కోవలసిన పని లేదు.